సేటు అన్న మాట

మనవరాలికి బళ్ళో ఇంగ్లీషు హోంవర్కు ఇచ్చారు. కొన్ని మాటలిచ్చి, ఒక్కోదానితో సొంతంగా ఒక వాక్యం రాసుకు రమ్మన్నారు. పిల్ల నా మంచం పక్కనే నేలమీద బోర్లా పడుకుని రాసుకుంటోంది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. తమిళమూ ఇంగ్లీషూ అయితే గడగడా చదువుతుంది. రాసింది రాసినట్టు పైకి చదవడం దాని అలవాటు. "ది బస్ గోస్ ఫాస్ట్" అని చదివి, తల తిప్పి, "కరెక్టేనా అవ్వా?" అని అడిగింది.

"కరెక్టే" అన్నాను. తప్పేమీ లేదు మరి. అది తర్వాతి మాటకు పోయింది. నేను కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాను. ఈ వయసులో మధ్యాహ్నం పూట ఒంట్లో ఏమీ మిగలదు. వచ్చే జ్ఞాపకాలను తోసేయడానికి కూడా ఓపిక ఉండదు. వాటి దారిన అవి వస్తాయి.

తిరుత్తణికి కాస్త ఎడంగా ఉండేది మా నేతగాళ్ళ వీధి. వీధంతా తెలుగువాళ్ళమే. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, రెండూ కలిసిపోయి ఏది ఏదో మాకే తెలిసేది కాదు. తమిళంలో రంగును సాయం అంటారు. మేమూ అలాగే అనేవాళ్ళం. మా నాయన నూలుకు సాయం వేసేవాడు. పెరట్లో పొయ్యిల మీద పెద్ద పెద్ద కాగులు, పక్కన సిమెంటు తొట్లు, దండేల మీద ఆరుతున్న కట్టలు కట్టిన ఎర్రటి నూలు చిలపలు. నూలు ఉడికే వాసన, సబ్బు వాసన, చివరి పొయ్యి మీద అమ్మ కాచే ఉలవచారు వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడన్నా ఉలవలు ఉడుకుతుంటే నాకు సబ్బు నురగే కళ్ళ ముందు కనపడుతుంది.

నాయన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. ఎంత తోముకున్నా ఆ ఎరుపు పోయేది కాదు. సంగటి ముద్ద విరుస్తుంటే ఆ ఎర్రచేతులకేసి చూస్తూ కూర్చునేదాన్ని. నాయనల చేతులు అట్లాగే ఉంటాయనుకునేదాన్ని, బాగా చిన్నప్పుడు.

మా ఎదురింట్లో ఒక మామ ఉండేవాడు. నిజానికి చుట్టరికమేమీ లేదు. నాయనా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు గనక మాకు మామ. నాయన సాయం వేసిన నూలుతో మా వీధిలో ఎక్కువ లుంగీలు నేసింది ఆయనే. పొద్దుగూకగానే మగ్గం గుంటలోంచి లేచి, కాళ్ళు కడుక్కుని, మా వాకిలి ముందు తిన్నె మీదికి వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ వక్కాకు వేసుకుంటూ ఏవో మాట్లాడుకునేవారు. పెద్ద మాటలేమీ కావు. నూలు మెత్తగా ఉందని, వాన రాదని, ఎవరి బిడ్డకో పాలు చాలడం లేదని. ఆ మాటలు వింటూ జేజి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయేదాన్ని. జేజి అంటే నాయన వాళ్ళమ్మ. ఆమె చేతిలో రాట్నం ఆగగా నేనెప్పుడూ చూడలేదు.

ఒకసారి నేను తొట్టిలో మిగిలిపోయిన సాయపు నీళ్ళలో ఎదురింటి మామ మేకపిల్లను ముంచాను. అది ఎర్రగా, తడిగా, వీధంతా అరుచుకుంటూ పరిగెత్తింది. తల్లిమేక దాన్ని గుర్తుపట్టక కొమ్ములతో నెట్టేసింది. మామ ఆ పిల్లను చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పంచె కూడా ఎర్రబడింది.

"ఏం బావా, నీ సాయం మేక మీద గూడా నిలుస్తాదా?" అన్నాడు.

"నా సాయం పోదు బావా. అది ముసిల్దయినా అట్లే ఉంటాది" అన్నాడు నాయన. అమ్మ మాత్రం నా వీపు మీద రెండు వేసింది.

అక్క నాకంటే బాగా పెద్దది. ఎస్సెస్సెల్సీలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. అది గట్టెక్కితే టీచరు ట్రైనింగుకు పోవచ్చు. గట్టెక్కకపోతే కండెలు చుట్టుకుంటూ ఇంట్లోనే. కానీ వీధిలో అంత దూరం చదివినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందువల్ల ఇంగ్లీషులో తప్పిన మా అక్కే మా వీధికంతటికీ ఇంగ్లీషు. తంతి వచ్చినా, సొసైటీ నుంచి కాగితం వచ్చినా, మందుసీసా మీద ఏముందో తెలుసుకోవాలన్నా మా వాకిట్లోకే వచ్చేవాళ్ళు. అక్క కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుని, తెలుగులో చెప్పేది. అప్పుడు నాయన పెరట్లోంచి తొంగి చూసేవాడు. చూసి మళ్ళీ పనిలోకి పోయేవాడు.

ప్రతి ఆదివారం అక్క ట్యూషనుకు తిరువళ్ళూరు పోయేది. ఒంటరిగా పంపకూడదని నన్ను తోడిచ్చేవారు. పొద్దున పాసింజరులో పోవడం, సాయంత్రం పాసింజరులో రావడం. అమ్మ ఆకులో కట్టిచ్చిన పులుసన్నం అరక్కోణం దాటకముందే తినేద్దామని నేను పేచీ పెట్టేదాన్ని. బండిలో ఉడికించిన శనగల సుండల్ అమ్మేవాడు వస్తే అక్క ఒక పొట్లం కొని, తను రెండు గింజలు నోట్లో వేసుకుని, మిగతాది నాకిచ్చేసేది. వారమంతా రాట్నం ముందు, పొయ్యి ముందు కూర్చున్న మనిషి. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేది.

ట్యూషను చెప్పే టీచరమ్మ రిటైరైన మనిషి. మా మాటే మాట్లాడేది. ఒక్కతే ఉండేది. ఆమె పద్ధతి ఒక్కటే. ఒక మాట ఇచ్చి వాక్యం రాయమనేది. గైడులో ఉన్న వాక్యం రాస్తే అడ్డంగా కొట్టేసేది.

"ఇది నీది కాదు పాపా. నీ ఇంట్లో జరిగేది రాయి" అనేది.

అక్క జేజి గురించి, కండెల గురించి, వాన గురించి రాసేది. టీచరమ్మకు నచ్చేవి. అయినా ఒక మాట అంటూ ఉండేది. "ఒక మాటకి ఒక అర్థం దొరికితే చాలనుకుంటావు నువ్వు. దాంతో ఆగిపోతావు. పరీక్షలో తప్పేది అక్కడే."

ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు ఉప్పుబట్టాయి. నాయన పుక్కిట పట్టి, ఉమ్మేసి, సాయానికి ఇవి పనికిరావన్నాడు. కానీ అప్పుడే ముదలాళికి మద్రాసు సేటు ఒకాయన పెద్ద ఆర్డరిచ్చాడు. ముదలాళి అంటే మాకు నూలిచ్చి పని చేయించుకునే షావుకారు. ఎర్రగళ్ళ లుంగీలు, ఆడికృత్తిక లోపల, అంటే కొండమీది మురుగన్ పండగ లోపల కావాలన్నాడు. వేరే నీళ్ళు ఎక్కడా లేవు. నాయన ఆ నీళ్ళతోనే కొంచెం నూలుకు సాయం వేసి మాదిరికి పంపాడు. సేటు అది చూడ్డానికి కారులో వచ్చాడు. నాయనను ముదలాళి అంగడికి పిలిపించారు. ముదలాళి ఊళ్ళో లేడు. గుమాస్తా ఒక్కడే ఉన్నాడు.

సేటుకు తమిళం రాదు, తెలుగు రాదు. చిలపను చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూశాడు. నాయనతో రెండే రెండు ఇంగ్లీషు మాటలన్నాడు. గడియారం చూసుకున్నాడు. మళ్ళీ ఆ మాటలే అని కారెక్కి వెళ్ళిపోయాడు. గుమాస్తా తలూపాడు. నాయన కూడా తలూపాడు. ఇంటిదాకా ఆ మాటల్నే మనసులో చెప్పుకుంటూ వచ్చాడట, మరిచిపోకుండా.

"నాట్ ఫాస్ట్ అన్నాడమ్మా సేటు. రెండు తూర్లు అన్నాడు. అట్లంటే ఏంది?" అని అక్కను అడిగాడు.

అక్క జేజి పక్కన కూర్చుని చిక్కుపడిన నూలు విడదీస్తోంది. తలెత్తలేదు. "బిరీన కాలేదంటాడు నాయనా. పని మెల్లగా ఉందంట. రైళ్ళో ఫాస్టు బండి అంటారే, ఆ ఫాస్టే."

"నిజమేలే. గడియారం గూడా చూసుకున్నాడు."

"మరింకేం. బిరీన చేస్తే సరిపాయ" అంది జేజి.

నాయనకు అది అంత తేలిక కాలేదు. సాయం వేసిన నూలును సబ్బు నీళ్ళలో ఉడకబెట్టి, తేట నీళ్ళు కారేదాకా జాడిస్తేనే ఎరుపు నిలుస్తుంది. ఆలస్యమయ్యేదంతా ఆ ఉడుకు దగ్గరే. పెరట్లో కాగుల మధ్య చాలాసేపు తిరిగాడు. "సబ్బు ఉడుకు లేకుండా నా చేతినించి నూలు బయటికి పోలేదు ఇంతవరకు" అన్నాడు అమ్మతో. "అంతటోడు వచ్చి మెల్లగా ఉందని నోటితో అన్నాక ఏం చేసేది?" అని తనే అన్నాడు.

సబ్బు ఉడుకు మానేశాడు. ఇంటిల్లిపాదీ పెరట్లోనే ఉన్నాం. అమ్మ కట్టెలు ఎగదోసేది, అక్క చిలపలు పిండేది, నేను దండేల మీద వేసేదాన్ని. రోడ్డు మీద కావడి మొక్కులవాళ్ళు అరోహరా అంటూ గుంపులు గుంపులుగా కొండకు పోతుంటే ఆ అరుపులూ పూలవాసనా మా గోడ మీదుగా వచ్చేవి. ఆ ఏడు మేం కొండకు పోలేదు. పోదామని నేను ఏడిస్తే అక్క, "నాకు లేచి నిలబడ్డానికే కాళ్ళు రాలే, యాడికి పోతాము" అంది. ఎదురింటి మామ వాళ్ళింట్లో మగ్గం చప్పుడు ఆగేది కాదు. అనుకున్నదానికంటే ముందే లుంగీలన్నీ మూటలు కట్టి పంపేశారు. ఆ రోజు అమ్మ వడలు చేసింది. నాయన తినకుండానే తిన్నె మీద పడి నిద్రపోయాడు.

కృత్తిక అయిన కొన్నాళ్ళకు మూటలు తిరిగొచ్చాయి. ముదలాళి అంగడి ముందు విప్పి పరిచారు. మద్రాసులో ఒకసారి తడిపి ఇస్త్రీ చేశారట. ఎర్రగళ్ళలోని ఎరుపు తెల్లగళ్ళలోకి పాకి, గుడ్డంతా మురికి గులాబీ రంగై కూర్చుంది. నేను నాయన వెంట పోయి చూశాను. నేసినవాళ్ళందరూ చుట్టూ నిలబడ్డారు. ఈ సరుకుకు ఎవరికీ కూలి లేదన్నాడు గుమాస్తా. నాయనకు ఇక నూలు ఇవ్వొద్దని ముదలాళి చెప్పాడన్నాడు.

ఎదురింటి మామ ఒక లుంగీని తీసి, తను నేసిన అంచును వేలితో తడిమాడు. "ఏంది బావా ఇది?" అన్నాడు.

నాయన నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చాక, "ఆయనే బిరీన అన్నాడు, ఆయనే తిప్పి పంపినాడు. పెద్దోళ్ళ సంగతి మనకేం తెలుస్తాది" అన్నాడు.

ఆ ఆదివారం కూడా ట్యూషనుకు పోయాం. పరీక్ష దగ్గరికొచ్చింది. నెల నెలా వచ్చే కృత్తిక ఆ రోజు. టీచరమ్మ ఇల్లంతా సాంబ్రాణి పొగ. మాకు కాఫీ ఇచ్చి తను తాగలేదు. అక్క చూస్తుంటే, "ఐ యామ్ ఫాస్టింగ్ టుడే" అంది.

"బిరీన యాడికన్నా పోవాల్నా అమ్మా మీరు?" అంది అక్క.

టీచరమ్మ నవ్వింది. "ఒక్కపొద్దు పాపా. ఉపవాసం. దాన్నీ ఫాస్టే అంటారు. ఈ చిన్నమాట ఎన్ని పనులు చేస్తుందో చూడు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోతే ఫాస్ట్ అస్లీప్. సాయమోళ్ళ బిడ్డవు, నీకు ఇంకోటి తెలిసుండాల. ఉతికినా పోని రంగును ఫాస్ట్ కలర్ అంటారు."

అక్క పెన్ను ఆగింది. "ఊరికే నాట్ ఫాస్ట్ అంటే?"

"దేన్ని చూసి అన్నారో దాన్ని బట్టి. గుర్రాన్ని చూసి అంటే ఒకటి, నూలును చూసి అంటే ఒకటి. నూలును చూసి అంటే సాయం నిలవలేదనే."

అక్క తల వంచుకుని వాక్యాలు రాసింది. టీచరమ్మ దిద్దడానికి తీసుకుని, ఒక్క తప్పు కూడా లేదని సంతోషపడింది. ఈసారి నువ్వు పాసవుతావు అంది.

తిరుగుబండిలో అక్క పులుసన్నం పొట్లం విప్పలేదు. రెండు వాటాలూ నేనే తిన్నాను. మా ఇద్దరిలో ఆకలి ఉన్నది నాకే. సుండల్ అతను వచ్చి, మమ్మల్ని గుర్తుపట్టి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. నాయన పెరట్లో ఖాళీ కాగును బూడిదతో తోముతున్నాడు. చేయడానికి ఇంకేమీ లేదు. అక్క చెప్పులు కూడా విప్పకుండా పోయి ఆయన ముందు నిలబడింది.

"నాయనా, సేటు బిరీన చెయ్యమన్లే. సాయం నిలవలేదన్నాడు. నేనే తప్పు చెప్పినాను."

నాయన చెయ్యి ఆగింది. అక్క ముఖంలోకి చూశాడు. జేజి రాట్నం చప్పుడు కూడా ఆగింది. నా ఎరుకలో అదే మొదటిసారి.

"సేటు ఎదురుగానే ఉన్నాడు, గుమాస్తా పక్కనే ఉన్నాడు" అన్నాడు నాయన. "వాళ్ళను అడగాల్సింది. సిగ్గుపడి ఇంటికొచ్చి నిన్నడిగినాను. దానికి నువ్వేం చేస్తావు."

"మామతో చెప్తాను నాయనా. అందరితో చెప్తాను."

"వద్దు. ఈ మాట ఈ పెరడు దాటకూడదు. వీధంతా నీ కాడికి కాగితాలు తెచ్చుకుంటా ఉండారు. ఇది తెలిస్తే ఇంకెవురూ రారు."

"రాకపోతే పోనీ."

"నాకట్ల వద్దమ్మా" అన్నాడు నాయన, కాగును బోర్లిస్తూ.

పొద్దుగూకాక ఎదురింటి మామ వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. వక్కాకు తీయలేదు. "సబ్బు ఉడుకు వెయ్యలేదని నూలు ముట్టుకున్నప్పుడే అనుమానం వచ్చింది బావా. నిన్ను అడగడమెందుకని నేసినాను. ఎందుకెయ్యలే? ఇప్పుడన్నా చెప్పు."

తలుపు వెనక అక్క నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పట్టుకు నొప్పి పుట్టింది.

"ఆశపడినాను బావా" అన్నాడు నాయన. "బిరీన ముగిస్తే ఇంకో ఆర్డరిస్తారని ఆశపడినాను."

మామ భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచాడు. మళ్ళీ మా తిన్నె ఎక్కలేదు.

తర్వాత జరిగిందంతా నెమ్మదిగా జరిగింది. నాయన ఇంకో వీధిలో ఎవరి మగ్గం మీదో కూలికి నేయడానికి పోయాడు. ఒకరోజు అన్నం తింటుంటే చూశాను, ఆయన చేతుల్లో ఎరుపు లేదు. మామూలు మట్టిరంగు చేతులు. ఎవరో వేరే మనిషి మా ఇంట్లో కూర్చుని తింటున్నట్టనిపించింది.

అక్క ఆ పరీక్షలో పాసయింది. పేపర్లో నంబరు చూసి నాయన వీధిలో అందరికీ చెప్పి వచ్చాడు, ఎదురింట్లో తప్ప. కొన్నేళ్ళకు ట్రైనింగు చేసి, ఊత్తుకోట పక్క ఒక పల్లెబడిలో టీచరైంది. సెలవులకు వచ్చినప్పుడు జనం కాగితాలు తెస్తూనే ఉండేవాళ్ళు. అక్క చదివి వెంటనే చెప్పడం మానేసింది. "నాకు సరిగ్గా తెలవదు, రాసినోళ్ళనే అడిగి చెప్తాను" అనేది. అడగడానికి వాళ్ళ వెంట ఆఫీసు దాకా ఎండలో నడిచి పోయేది. ఇంత చదివి ఇదేం చాదస్తమని కొందరు నవ్వేవాళ్ళు.

నాయనా మామా ఎదురెదురు తిన్నెల మీద ఏళ్ళకేళ్ళు కూర్చున్నారు. మధ్యలో బండి పట్టేంత వీధి. పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళే పిలుచుకునేవాళ్ళు, ఆడవాళ్ళే పోయేవాళ్ళు. నాయనకు జబ్బు చేసి మంచాన పడితే మామ వాళ్ళావిడ చేత గంజి పంపేవాడు. తను రాలేదు. నాయన పోయినరోజు మాత్రం వచ్చి కాసేపు గుమ్మం అవతల నిలబడి వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ నాడు చూస్తే వీధి వీధిలా లేదు. మగ్గాలు ఒకటో రెండో మిగిలాయి. పిల్లలు కంపెనీ బస్సులెక్కి పనికి పోతున్నారు. మామ ముసలివాడై, చెవులు సరిగా వినపడక, గోడకానుకుని కూర్చున్నాడు. అక్క జుట్టు కూడా నెరిసిపోయింది అప్పటికి. పోయి ఆయన ముందు నేలమీద కూర్చుంది.

"మామా, ఆ ఎర్రగళ్ళ లుంగీలు చెడిపోయినాయే, అది మా నాయన ఆశపడి కాదు. సేటు ఒకటంటే నేను ఇంకోటని చెప్పినాను. నా మీద మాట రాకూడదని ఆయన తన మీదేసుకున్నాడు."

ఆయనకు వినపడలేదు. అక్క ఇంకా గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది. వడ్డన చేస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళలో చాలామంది ఆ లుంగీల నాటికి పుట్టనివాళ్ళు.

"ఏ లుంగీలు బిడ్డా?" అన్నాడు మామ.

అక్క ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"మీ నాయన ఎరుపు గుర్తుండాది నాకు. అట్లాంటి ఎరుపు మళ్ళా ఎవురూ వెయ్యలే" అన్నాడు. మళ్ళీ తనే, "మేమిద్దరం మాట్లాడుకోకుండా పొయినాము. ఎందుకో నాకు గుర్తు రావడం లే. అంత కానిమాట ఏమనుకున్నామో, ఏమో" అన్నాడు.

అక్క మూడోసారి చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని లేపి, ఆకు ముందు కూర్చోబెట్టి, పాయసం తనే వడ్డించింది.

ఇప్పుడు ఆ మనుషులెవరూ లేరు. అక్క పోయి కూడా కొన్నేళ్ళయింది. పెద్దకర్మ అయిన ఆ సాయంత్రం తనను బస్సెక్కించడానికి నేను తోడు పోయాను. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం అలిసిపోయి రాతిబల్ల మీద కూర్చున్నాం. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, రోడ్డుకేసి చూస్తూ అంది.

"ఆ పొద్దే చెప్పుంటే మామ నన్ను తిట్టుండేవాడు. తిట్టేసి, మర్నాడు మళ్ళా వచ్చి నాయన పక్కన కూర్చునుండేవాడు."